ఏటికి అవతలి డాక్టరు

(వైద్య విద్యార్థుల సమావేశంలో ఒక రిటైర్డ్ డాక్టరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు, "సార్, డాక్టర్లు రాజకీయాల్లోకి రావడం గురించి మాట్లాడండి" అన్నారు. ఆ మాట అనగానే మన రెండు రాష్ట్రాల్లో ఎవరెవరు గుర్తొస్తారో అందరికీ తెలుసు. వాళ్ళ సంగతి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అందుకని మీలో ఎవరూ పేరు కూడా విని ఉండని ఒక డాక్టరు గురించి చెప్దామని వచ్చాను. ఆయన పేరు యాన్ బుజెక్. చెకొస్లొవేకియా (ఇప్పుడది చెక్, స్లొవేకియా అని రెండు దేశాలు) పార్లమెంటులో పోలిష్ మైనారిటీ తరఫున కూర్చున్న మనిషి.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. లేకపోతే ఈ ముసలాయనకి ఎక్కడో పోలిష్ మనిషి మీద ఇంత మమకారం ఏంటని మీకు అనిపిస్తుంది.

నా ఉద్యోగం మొదట్లో బొగ్గు గనుల పక్కనున్న ఒక ఆస్పత్రిలో పనిచేశాను. ఒకరోజు ఓపీలోకి ఒక కోయ ఆవిడ వచ్చింది. వయసు యాభై ఉంటుందేమో. కుర్చీలో కూర్చోలేదు, గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "ఎక్కడ నొప్పి అమ్మా?" అన్నాను. పొట్ట మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. రెండు నిమిషాలు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. అప్పుడు ఆమె ఆగి, మాట వెతుక్కుని, "కడుపు నొప్పి" అంది. రెండు నిమిషాల బాధ రెండు మాటలైపోయింది. నేను ఆ రెండు మాటలకే మందు రాసి పంపించాను. ఆమె మళ్ళీ రాలేదు. మిగతా రెండు నిమిషాల్లో ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలుగు మనకి అమ్మ భాష. ఆమెకి మాత్రం ఆఫీసు భాష. ఆ తేడా నాకు ఆరోజు తట్టలేదు, చాలా ఏళ్ళకి తట్టింది.

సరే. ఇక బుజెక్.

మా అమ్మాయి క్రాకోవ్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడ మన తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. నేను వెళ్ళినప్పుడు ఒక ఆదివారం కారులో చెషిన్ అనే ఊరికి తీసుకెళ్ళింది. పాత ఊరు, గుట్ట మీద కోట, కింద ఒల్జా నది. నది అంటే గోదావరిని ఊహించుకోకండి. ఎండాకాలం మన వాగంత ఉంటుంది. దాని మీద ఒక వంతెన. ఇవతల పోలండ్ వాళ్ళ చెషిన్. అవతల చెక్ వాళ్ళ చెస్కీ త్యెషీన్. ఒకప్పుడు రెండూ కలిపి ఒకటే ఊరు. మధ్యలో నిలబడితే నన్ను ఆపినవాళ్ళు లేరు, పాస్‌పోర్ట్ అడిగినవాళ్ళు లేరు. 2007 డిసెంబరు దాకా అక్కడ చెకింగ్ ఉండేదట. అక్కడే నది దాటుతూ 1911లో ట్రామ్ బండి మొదలైంది. రెండు కిలోమీటర్లు కూడా లేని చిన్న లైను, మార్కెట్ చౌకు మీదుగా రైల్వే స్టేషన్ దాకా. 1921లో ఆగిపోయింది. ఎందుకంటే మార్కెట్ చౌకు ఒక దేశానికి పోయింది, రైల్వే స్టేషన్ ఇంకో దేశానికి పోయింది.

ఒక ఊరిని అలా ఎలా కోస్తారు? ఇది కాస్త ఓపిగ్గా వినండి, బుజెక్ జీవితమంతా ఈ కోతలోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేదాకా ఆ ప్రాంతమంతా ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఒక చిన్న సంస్థానం. 1910 జనాభా లెక్కల్లో అక్కడ పోలిష్ మాట్లాడేవాళ్ళు దాదాపు 55 శాతం, చెక్ మాట్లాడేవాళ్ళు 27, జర్మన్ 18. కింద బొగ్గు, పక్కన త్రినెట్స్ ఉక్కు ఫ్యాక్టరీ, మధ్యలోంచి స్లొవేకియా వైపు పోయే రైలు మార్గం. 1918లో సామ్రాజ్యం కూలింది. పోలండ్, చెకొస్లొవేకియా కొత్త దేశాలుగా వచ్చాయి. నవంబరు 5న అక్కడి పోలిష్ వాళ్ళూ చెక్ వాళ్ళూ కూర్చుని, ఏ ఊళ్ళో ఎవరు ఎక్కువుంటే ఆ ఊరు వాళ్ళదని మంచిగానే ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందం మూడు నెలలు కూడా నిలవలేదు. 1919 జనవరి 23న చెక్ సైన్యం దాడి చేసింది. ఏడు రోజుల యుద్ధం. తర్వాత ప్రజల ఓటింగ్ పెడతామన్నారు, పెట్టలేదు. చివరికి 1920 జులై 28న, రష్యా సైన్యం వార్సా మీదికి వస్తూ పోలండ్ ఊపిరాడక ఉన్న సమయంలో, పెద్ద దేశాల రాయబారులు ఒల్జా నది వెంబడి గీత గీశారు. బొగ్గూ, ఉక్కూ, రైలూ చెకొస్లొవేకియాకి. వాటితోపాటు ఆ గనుల్లో పనిచేసే వేలాది పోలిష్ కుటుంబాలు కూడా.

అవతల ఉండిపోయిన ఆ ముక్కని పోలిష్‌లో జావొల్జె అంటారు. ఏటికి అవతల అని అర్థం. ఈ పేరు పోలండ్‌లో నిలబడి చూసినవాళ్ళు పెట్టింది. అక్కడ పుట్టినవాడికి తన ఊరు అవతల ఎందుకవుతుంది? చెక్ వాళ్ళు మామూలుగా ఆ పేరు వాడరు. అక్కడి జనం తమ మాటని "పొ నషెము" అంటారు, మన భాషలో అని. తమని తాము "స్తెలా" అంటారు, ఇక్కడివాళ్ళం అని. వాళ్ళ యాసలో పోలిష్ ఉంది, చెక్ ఉంది, జర్మన్ ఉంది. నాకు ఈ రెండు మాటలూ భలే నచ్చాయి.

యాన్ బుజెక్ 1874లో కొన్స్కా అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది త్రినెట్స్ పట్టణంలో కలిసిపోయింది. పోలండ్ గణాంక శాఖకు మొదటి డైరెక్టరైన యూజెఫ్ బుజెక్ కూడా ఆ ఊరివాడే. 1997 నుంచి 2001 దాకా పోలండ్ ప్రధానిగా, తర్వాత యూరోపియన్ పార్లమెంటు అధ్యక్షుడిగా పనిచేసిన యెజీ బుజెక్ పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే. చిన్న ప్రాంతం, కానీ చదువు మీద పిచ్చి ఉన్న ప్రాంతం. 1885లోనే పోలిష్ బడుల కోసం చందాలు పోగుచేసే సంఘం పెట్టుకున్నారు. 1895లో చెషిన్‌లో సొంత పోలిష్ హైస్కూల్ తెరిచారు, 1909లో గనుల మధ్య ఓర్లోవాలో ఇంకోటి. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగలేదు.

బుజెక్ క్రాకోవ్‌లో వైద్యం చదివారు. చదివినవాడు క్రాకోవ్‌లోనే ఉండిపోవచ్చు. పెద్ద ఊరు, పెద్ద యూనివర్సిటీ. ఆయన వెనక్కి వచ్చి డౌబ్రవా అనే బొగ్గు ఊళ్ళో ప్రాక్టీస్ పెట్టారు. పోలిష్‌లో దాన్ని డోంబ్రోవా అంటారు.

ఆ రోజుల్లో గని ఊళ్ళో డాక్టరు పని ఎలా ఉండేదో ఒక్కసారి ఆలోచించండి. ఆయనకి 20 ఏళ్ళప్పుడు, 1894 జూన్ 14న, పక్కనే కార్వినాలో గనుల్లో పేలుడు జరిగి 235 మంది చనిపోయారు. 1900లో ఆస్ట్రియా బొగ్గు గనుల్లో పెద్ద సమ్మె. దాని ఫలితంగా 1901లో గని పనికి రోజుకి 9 గంటలని చట్టం వచ్చింది. తొమ్మిది గంటలే గెలుపు, అంతకు ముందు ఎంతో ఊహించుకోండి. అక్కడ గని కార్మికులకి సోదర నిధి అని ఉండేది. కార్మికుడు కొంత, యజమాని కొంత కడతారు. జబ్బు చేస్తే అందులోంచి డబ్బు, భర్త పోతే భార్యకి పింఛను, డాక్టరు ఖర్చు. అంటే డాక్టరు రాసిచ్చే చీటీ మీద ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అనేది ఆధారపడి ఉంటుంది. గని పైనున్న ఇంజనీరు జర్మన్ మాట్లాడతాడు. 1920 తర్వాత ఆఫీసులో గుమస్తా చెక్ మాట్లాడతాడు. లోపలికి దిగేవాడు పొ నషెము మాట్లాడతాడు. వాడి రెండు నిమిషాల బాధని రెండు మాటలు చెయ్యకుండా మొత్తం వినగలిగేవాడు డాక్టరే. అదీ ఆ డాక్టరుకి వాడి భాష వస్తేనే.

నేను సర్వీసులో ఉన్నప్పుడు పట్టించుకోనిది బుజెక్‌కి పుట్టుకతో వచ్చింది. ఆ మాటకొస్తే ఆయన రాజకీయాల్లోకి రావడం నాకు వింతగా అనిపించలేదు. ఊళ్ళో అందరి ఇళ్ళల్లోకీ వెళ్ళే మనిషి, ఏ ఇంట్లో ఎందుకు ఏడుస్తున్నారో తెలిసిన మనిషి.

పోలిష్ వాళ్ళ కష్టాల్లో ఒకటి మీకు కొంచెం వివరంగా చెప్తాను. కొత్త రాజ్యం 1920లో పౌరసత్వ చట్టం చేసింది. 1910 జనవరి 1 నాటికే ఆ ప్రాంతంలో ఏదో ఒక ఊళ్ళో 'స్థానిక హక్కు' నమోదై ఉంటేనే నువ్వు పౌరుడివి. నివాసం ఉంటే చాలదు, కాగితం మీద హక్కు ఉండాలి. గనుల్లో పనికి పక్కనున్న గలీషియా నుంచి వేలమంది వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళు బయల్దేరినప్పుడు అది రెండు దేశాల మధ్య ప్రయాణం కాదు, ఒకే సామ్రాజ్యంలో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి వచ్చారంతే. ఏళ్ళ తరబడి ఆ బొగ్గు తవ్వారు, అక్కడే పెళ్ళిళ్ళు, అక్కడే పిల్లలు. ఒక పొద్దున లేచేసరికి విదేశీయులు. ముల్కీ గొడవలు చూసిన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఆ టెన్షన్ నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పౌరసత్వం లేకపోతే ఓటు లేదు. 1928లో విదేశీ కార్మికుడిని పెట్టుకోవాలంటే అనుమతి కావాలని ఇంకో చట్టం. ఆ తర్వాతి ఏడాది ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం.

బడుల సంగతి కూడా అంతే. పిల్లల్ని చెక్ బడికి పంపితే ఉద్యోగం నిలుస్తుందని తల్లిదండ్రుల మీద ఒత్తిడి తెచ్చేవారని పోలిష్ వాళ్ళ ఫిర్యాదు.

అయితే ఇంకోవైపు కూడా చెప్పాలి. ఆ ప్రాంతంలో పోలిష్ యాస మాట్లాడుతూనే, "మేం పోల్స్ కాదు, సిలేషియా వాళ్ళం" అనే జనం ఉన్నారు. వాళ్ళ నాయకుడు యోజెఫ్ కోజ్దోన్ చెస్కీ త్యెషీన్‌కి చాలా ఏళ్ళు మేయరుగా ఉన్నాడు. కాబట్టి భాషని బట్టి మనిషి ఎవరో తేల్చేయడం అక్కడ అంత సులువు కాదు. ఇక ఆ చెకొస్లొవేకియా, ఎన్ని లోపాలున్నా, ప్రజాస్వామ్యం. 1920 భాషా చట్టం ప్రకారం ఒక కోర్టు పరిధిలో 20 శాతం ఉన్న మైనారిటీ తన భాషలో అర్జీ పెట్టుకోవచ్చు. మైనారిటీ సభ్యుడు పార్లమెంటులో తన భాషలో మాట్లాడవచ్చు. 1930ల్లో చుట్టుపక్కల దేశాలు ఎలా తయారయ్యాయో తెలిస్తే దీని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు 1929 ఎన్నికలు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

చెకొస్లొవేకియా జనాభా కోటి 47 లక్షలు. అందులో పోలిష్ వాళ్ళు 80 వేల చిల్లర. పార్లమెంటులో 300 సీట్లు. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చే పద్ధతి, కానీ ఒక మెలిక ఉంది. దేశమంతా కలిపి ఎన్ని ఓట్లు వచ్చినా సరే, ఏదో ఒక నియోజకవర్గంలో నిర్ణీత కోటా, సుమారు 20 వేల ఓట్లు, దాటకపోతే సున్నా. 1925లో ఏమైందంటే, యూదుల పార్టీకి దేశమంతా కలిపి దాదాపు లక్ష ఓట్లు వచ్చాయి. ఒక్క సీటు రాలేదు. వాళ్ళు ప్రాగ్ నుంచి కార్పతియన్ కొండల దాకా చెల్లాచెదురుగా ఉన్నారు, ఎక్కడా కోటా అందలేదు. పోలిష్ వాళ్ళకి 30 వేల లోపే వచ్చాయి. ఒక సీటు వచ్చింది! ఎందుకంటే వాళ్ళంతా ఒక్కచోటే, ఓస్ట్రావా అనే గనుల ఊరి చుట్టుపక్కలే ఉన్నారు.

ఈ లెక్క చూసి 1929లో ఇద్దరూ చేతులు కలిపారు. ఒకరి దగ్గర ఓట్లు ఎక్కువ, చోటు లేదు. ఇంకొకరికి చోటు ఉంది, ఓట్లు తక్కువ. పోలిష్ పార్టీలూ యూదు పార్టీలూ ఒకే జాబితా పెట్టాయి. అక్టోబరు 27న పోలింగ్. కలిపి లక్షకు పైగా ఓట్లు, నాలుగు సీట్లు. ఇద్దరు యూదులు: లుద్విక్ సింగర్, యూలియుస్ రైస్. ఇద్దరు పోలిష్ వాళ్ళు: సోషలిస్టు ఎమానుయెల్ ఖోబొట్, పోలిష్ ప్రజా పార్టీ అధ్యక్షుడు డాక్టర్ యాన్ బుజెక్. అప్పటికి ఆయనకి 55 ఏళ్ళు. సభ్యుడయ్యాక కూడా ఆయన అడ్రస్ ప్రాగ్ కాదు, డౌబ్రవానే.

ఇది ప్రేమ పెళ్ళి అని నేను అనను. లెక్కలు చూసుకుని చేసుకున్న పొత్తే. కానీ ఆ కాలపు యూరప్‌లో, పక్క దేశాల్లో యూదుల మీద విషం ఎక్కుతున్న రోజుల్లో, ఒక గని ఊరి డాక్టరు తన ఓటర్ల ముందుకు వెళ్ళి, "మన జాబితాలో యూదులు కూడా ఉన్నారు, ఓటెయ్యండి" అని అడిగాడు. వాళ్ళు వేశారు. అక్కడ కార్వినా బొగ్గు గని కూలీ వేసిన ఓటుతో ప్రాగ్‌లో ఒక యూదు సభ్యుడికి దారి తెరుచుకుంది. ఎక్కడో కొండల్లో ఒక యూదు దర్జీ వేసిన ఓటు డౌబ్రవా డాక్టరు సీటుకి బలమైంది.

పార్లమెంటులో ఒక పార్టీ సభ్యుల బృందాన్ని అక్కడ క్లబ్బు అంటారు. నలుగురితో సొంత క్లబ్బు పెట్టలేరు. బుజెక్ చెకొస్లొవేకియా సోషల్ డెమోక్రాట్ల క్లబ్బులో అతిథి సభ్యుడిగా చేరారు. దీన్ని కొందరు తప్పుపట్టవచ్చు, ప్రభుత్వ పక్షంలో చేరిపోయాడని. డాక్టరుగా నేను దాన్ని వేరేగా చూస్తాను. రోగి కోసం ఆపరేషన్ థియేటర్ అడుక్కోవాల్సి వస్తే, మనకు నచ్చని సూపరింటెండెంట్ దగ్గరైనా నిలబడతాం కదా.

1935తో ఆయన సభ్యత్వం ముగిసింది. ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1938 సెప్టెంబరు ఆఖర్న మ్యూనిక్‌లో పెద్ద దేశాలు చెకొస్లొవేకియాని హిట్లర్‌కి ముక్కలు చేసి ఇచ్చాయి. అదే అదనుగా పోలండ్ అల్టిమేటం ఇచ్చి అక్టోబరు 2న ఒల్జా దాటింది. అవతలి పోలిష్ జనం పూలు చల్లారు. వాళ్ళ సంతోషం నాకు అర్థమవుతుంది, 18 ఏళ్ళ గాయం అది. కానీ పడిపోయినవాడి జేబులో చెయ్యి పెట్టడం పెట్టడమే. ఈసారి చెక్ బడులు మూతపడ్డాయి, వేలమంది చెక్ వాళ్ళు ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. నిన్న మనకి జరిగిందే ఇవాళ పక్కింటివాడికి జరిగింది. ఆ పాలన ఏడాది కూడా లేదు. 1939 సెప్టెంబరు 1న జర్మన్ సైన్యం వచ్చింది, రెండు ఒడ్లనీ మింగేసింది.

నాజీలు ఆ ప్రాంతంలో ముందుగా ఎవర్ని పట్టుకున్నారో చూడండి. బడిపంతుళ్ళు, పాస్టర్లు, డాక్టర్లు, సంఘాల కార్యదర్శులు. 1940 వసంతంలో జాబితాలు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. ఒక భాషని చంపాలంటే ముందు దాన్ని మాట్లాడించేవాళ్ళని తీసెయ్యాలని వాళ్ళకి తెలుసు. అక్కడినుంచి డఖావ్, మౌట్‌హౌసెన్ నిర్బంధ క్యాంపులకి.

డాక్టర్ యాన్ బుజెక్ 1940 నవంబరులో డఖావ్ క్యాంపులో చనిపోయారు. 66 ఏళ్ళు. చెక్ వాళ్ళతో కొట్లాడినవాడు చెక్ వాళ్ళ చేతిలో పోలేదు, నాజీల చేతిలో పోయాడు. పార్లమెంటులో ఆయన పక్కన కూర్చున్న సింగర్ 1931లోనే చనిపోయాడు. సింగర్ స్థానంలో వచ్చిన ఆంగెలో గోల్డ్‌స్టైన్ 1939లో పాలస్తీనాకి తప్పించుకున్నాడు. 1929లో ఆ జాబితాకి ఓటేసిన లక్షమందిలో, కొండల్లోని ఆ యూదు ఊళ్ళల్లో, 1945 నాటికి ఎంతమంది మిగిలారనేది నేను చాలా రాత్రులు ఆలోచించాను.

ఆ ఆదివారం సాయంత్రం మా అమ్మాయి నన్ను కార్వినా వైపు కూడా తీసుకెళ్ళింది. అక్కడ పొలాల మధ్య ఒంటరిగా ఒక చర్చి ఉంది. కింద బొగ్గు తవ్వీ తవ్వీ నేల దిగిపోయింది. చర్చి ఉన్నచోటే 37 మీటర్లు కిందికి దిగి, ఒక పక్కకి దాదాపు ఏడు డిగ్రీలు ఒరిగి నిలబడింది. చుట్టూ ఉన్న పాత ఊరు లేదు. లోపలికి వెళ్తే నేల వాలు కాళ్ళకి తెలుస్తుంది, కళ్ళు తిరిగినట్టుంటుంది. నేను గోడ పట్టుకుని నడిచాను. ఈ నేల కిందే కదా ఆయన పేషెంట్లు రోజూ దిగింది అనుకున్నాను.

తిరిగి వస్తుంటే ఊళ్ళ పేర్ల బోర్డులు కనిపించాయి. పైన చెక్‌లో, కింద పోలిష్‌లో. జనాభాలో పది శాతం మైనారిటీ ఉన్న ఊళ్ళల్లో ఇప్పుడు అలా పెడుతున్నారు. కొన్నిచోట్ల కింది పేరు మీద ఎవరో రంగు పూస్తారట, మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళీ శుభ్రం చేయిస్తారట. మా అమ్మాయి కారు ఆపింది. దిగి రెండు పేర్లూ కూడబలుక్కుని చదివాను. కింది పేరు నాకు సరిగ్గా పలకలేదు. తనే రెండుసార్లు చెప్పించింది.

ఇంక ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనకున్నవాళ్ళకి కూడా ఇవ్వండి.